పాడలేననుకునే చెల్లెళ్ళకు ఆరు జపాన్ పాటలు

మా చిన్నమ్మ కూతురు ధర్మాబాద్‌లో పదకొండో తరగతి చదువుతోంది. పోయిన దీపావళి సెలవులకు నాందేడ్‌లో మా ఇంటికి వచ్చింది. పొద్దస్తమానం ఫోన్‌లో జపాన్ యానిమే చూస్తుంది. ఆ పాటలన్నీ దానికి నోటికి వచ్చు. కాని చుట్టూ ఎవరూ లేరనుకున్నప్పుడే పాడుతుంది. ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ పాడుతుంటే నేను మెట్ల దగ్గర నిలబడి విన్నాను. నన్ను చూడగానే టక్కున ఆపేసింది.

"మంచిగనే పాడుతున్నవు కద, ఎందుకు ఆపినవే?" అన్నాను.

"నా గొంతు మంచిగ లేదక్కా. ఫోన్ల రికార్డు చేసి ఇన్న. ఛీ, ఇది నాదేనా అనిపించింది. గ్యాదరింగ్ ముంగట దోస్తులందరు కరోకే పెట్టుకుందామంటున్నరు. నేనైతె పోను."

దాని మాట వింటే నాకు నా పదకొండో తరగతి గుర్తొచ్చింది. నేనూ అప్పట్లో గ్యాదరింగ్‌లో ఒక తెలుగు సినిమా పాట పాడాను. పల్లవి ఎట్లాగో గట్టెక్కింది. చరణంలో పై స్వరానికి పోగానే గొంతు చీలిపోయింది. మర్నాడు ఫిష్‌పాండ్. మనవైపు కాలేజీల్లో ఫిష్‌పాండ్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు, పేరు లేని చీటీలు, అందరి ముందూ చదవడం. నాకు వచ్చిన చీటీలో మరాఠీలో ఇట్లా ఉంది: "ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్ళు పక్కకు జరగండి, ప్యాసింజర్ బండి హారన్ కొట్టింది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

అంతకన్నా గుచ్చుకున్నది ఇంకొకటి ఉంది. ఆ వీడియో చూసిన నిజామాబాద్ చుట్టం ఒకావిడ, "ఇది తెలుగేనా? పదాలన్నీ సగంలో కొరికేస్తోంది పిల్ల" అన్నారు. మరాఠీ బడిలో చదివిన నోరు నాది. మరాఠీవాళ్ళకు నా మాటలో తెలుగు వినిపిస్తుంది, తెలుగువాళ్ళకు మరాఠీ వినిపిస్తుంది. ఆ తర్వాత రెండేళ్ళు నేను బతుకమ్మ దగ్గర కూడా చప్పట్లు కొట్టానే గాని నోరు తెరవలేదు.

ఆ దీపావళి సెలవుల్లో పది రోజులు మా చెల్లి, నేను కలిసి జపాన్ పాటలు నేర్చుకున్నాం. దానికి యానిమే మీద ఇష్టం, నాకు ఛందస్సు పాఠం అప్పుడే అయింది. ఇద్దరిదీ కలిపితే ఒక సంగతి తెలిసింది. పాడే ధైర్యం ముందు వచ్చి పాట తర్వాత రాదు. మన గొంతుకు సరిపోయే పాట దొరికితే, ధైర్యం దాని వెనకాలే వస్తుంది. అలాంటి పాటలు ఎట్లా ఏరుకోవాలో, ఎట్లా నేర్చుకోవాలో ఈ పక్షం గోడ పత్రికలో రాస్తున్నాను.

గొంతు చెడిపోలేదు, మారింది

మగపిల్లల గొంతు మారుతుందని అందరికీ తెలుసు. ఆడపిల్లల గొంతూ మారుతుందని మనకు ఎవరూ చెప్పరు. పన్నెండు నుంచి పదహారేళ్ళ మధ్య మన స్వరతంతువులు కాస్త పొడవై, లావై, మాట్లాడే శ్రుతి రెండు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. ఆ వయసులో తంతువులు వెనకవైపు పూర్తిగా మూసుకోక గాలి లీకవుతుంది. అందుకే గొంతు కొంచెం బొంగురుగా, గాలి కలిసినట్టు వినిపిస్తుంది. నాలుగో తరగతిలో పాడిన పాట పదకొండో తరగతిలో అందకపోతే అది మన చేతకానితనం కాదు, వయసు.

రికార్డింగులో మన గొంతు పరాయిగా ఉండటానికీ కారణం ఉంది. మాట్లాడేటప్పుడు మన గొంతును గాలిలోంచి చెవితో వినడమే కాదు, తల ఎముకల్లోంచి కూడా వింటాం. ఎముకల దారిలో కింది స్వరాలు బాగా వస్తాయి కాబట్టి మనకు మన గొంతు నిండుగా అనిపిస్తుంది. ఫోన్‌కి ఎముకల దారి లేదు. అది పట్టింది సన్నగా ఉంటుంది. మనల్ని రోజూ వినేవాళ్ళకు ఆ గొంతు అలవాటే. కొత్తగా ఉన్నది మనకొక్కరికే.

ఇక మూడోది, మనం ఎంచుకునే పాట. మన అమ్మలు, అమ్మమ్మలు మెచ్చుకునే పాటలు సుశీలమ్మ, జానకమ్మ లాంటి గొప్ప గాయనులవి. వాటిలో చాలా పాటలు పై స్థాయిలో హాయిగా తిరుగుతాయి, గమకాలు ఉంటాయి. ఇల్లు కడుక్కుంటూ కూనిరాగం తీయడానికి బాగుంటాయి గాని, మొదటిసారి మైకు పట్టుకునే పిల్ల వాటితో మొదలుపెడితే ఈత రాకుండా గోదావరి వరదలో దిగినట్టే. నేను చేసింది అదే.

కరోకే పుట్టిందే ఇలాంటి వెక్కిరింతలోంచి

మా చెల్లికి నేను చెప్పిన మొదటి కథ ఇది. టోక్యోలో షిగేఇచి నెగిషి అని ఒకాయన కారు స్టీరియోలు తయారుచేసే కంపెనీ నడిపేవారు. పొద్దున్నే పాట పాడుకుంటూ ఆఫీసుకు వచ్చే అలవాటు. ఒకరోజు ఆయన పాట విని ఒక ఉద్యోగి వెక్కిరించాడు. వెనక వాద్యాలు వాయిస్తూ ఉంటే నేనూ బాగానే పాడతానని ఆయనకు పట్టుదల వచ్చింది. టేప్ మీద వాద్యాలు మాత్రమే మోగేలా, మైకులో మన గొంతు కలిసేలా 1967లో ఒక పెట్టె చేయించారు. ఎన్నో ఏళ్ళు బతికి, నూరేళ్ళు నిండాక 2024లో పోయారు.

ఆయన సంగతి తెలియకుండానే కోబె నగరంలో దాఇసుకె ఇనొఉఎ అనే వాద్యగాడు 1971లో తనదైన యంత్రం చేశాడు. బార్లలో జనం పాడుతుంటే వెనక వాయించడం ఆయన పని. ఆయన వాయిస్తేనే పాడగలిగే ఒక పెద్దమనిషి ఊరు వెళ్తూ వెంట రమ్మన్నాడు. కుదరక, ఆ మనిషి పాడే తీరుకు తగ్గట్టు వాయించి టేపు చేసి ఇచ్చాడు. అక్కడినుంచి ఆలోచన వచ్చి మొదట పదకొండు యంత్రాలు చేయించాడు. పేటెంటు తీసుకోలేదు. 2004లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకట! నవ్వించడానికి ఇచ్చే బహుమతే అయినా మాటలో నిజం ఉంది.

'కర' అంటే ఖాళీ, 'ఒకె' అంటే ఆర్కెస్ట్రాలో ముక్క. గాయని చోటు ఖాళీగా వదిలిన వాద్యం అన్నమాట. ఆ ఖాళీలో ఎవరైనా నిలబడవచ్చు. యంత్రంలో శ్రుతి పెంచే, తగ్గించే మీట అందుకే ఉంది. మనం పాట దాకా ఎగరనక్కర్లేదు, పాటే మన దగ్గరికి దిగి వస్తుంది. 1980లలో ఒకయామ ప్రాంతంలో పాత సరుకుల కంటైనర్లను చిన్న గదులుగా చేసి కరోకేకు ఇవ్వడం మొదలైంది. తెలియనివాళ్ళ ముందు పాడే పని లేదు, నలుగురు దోస్తులు తలుపేసుకొని పాడుకోవచ్చు. ఇప్పుడు జపాన్‌లో ఒక్కరే గది తీసుకొని పాడుకునేవాళ్ళూ ఉన్నారు. పాడే జపానే సిగ్గుపడేవాళ్ళకు ఇన్ని ఏర్పాట్లు చేసుకుంది. మనకు సిగ్గు ఉంటే వింతేముంది?

ఆ భాష మన నోటికి ఎందుకు సులువు

జపాన్ భాష రాకుండా జపాన్ పాట ఎట్లా అని మీరు అడుగుతారు. మిగతా విదేశీ భాషలకన్నా అది తెలుగు నోటికి దగ్గర. దానికి లెక్క ఉంది.

తెలుగు అజంత భాష, పదాలు అచ్చుతో ముగుస్తాయి. జపాన్ భాష కూడా అంతే. చివర వచ్చే హల్లు ఒక్కటే, నకారం లాంటి ధ్వని. అది అచ్చం మన సున్నలా పనిచేస్తుంది. పకారం ముందు మకారంలా, తకారం ముందు నకారంలా మారుతుంది. 'సంపొ' అంటే షికారు. మనం 'సంపద' అన్నట్టే వాళ్ళు 'సంపొ' అంటారు.

అచ్చులు అయిదు: అ, ఇ, ఉ, ఎ, ఒ. వాటికే దీర్ఘాలు. హిందీ, మరాఠీ లిపిలో మామూలుగా హ్రస్వ ఎకారానికి, హ్రస్వ ఒకారానికి వేరే గుర్తులు లేవు. మనకు ఉన్నాయి. మరాఠీలో రాసుకుంటే కలిసిపోయే 'కొ', 'కో' తెలుగు లిపిలో విడివిడిగా నిలుస్తాయి. మన 'చుక్క'లో చు ఉంది చూడండి, దంత్య చకారం, జపాన్ వాళ్ళ 'త్సు' దాదాపు అదే. వాళ్ళ రకారం కూడా మన రకారంలా నాలుక ఒకసారి తగిలి వెళ్ళేదే.

అన్నిటికన్నా నాకు ఆనందం కలిగించింది మాత్రల లెక్క. జపాన్ పాట అక్షరాన్ని కాదు, మాత్రను లెక్కపెడుతుంది. హ్రస్వం ఒకటి, దీర్ఘం రెండు, సున్న ఉంటే ఇంకొకటి, ద్విత్వం ఉంటే ఇంకొకటి. ఇది మన లఘువు, గురువు కాదా? 'సకుర' అంటే మూడు లఘువులు, మూడు మాత్రలు. 'నిప్పొన్' అంటే రెండు గురువులు, నాలుగు మాత్రలు. 'అరిగతో' అంటే మూడు లఘువులు, ఒక గురువు, అయిదు మాత్రలు. 'కొన్నిచివ' అంటే ఒక గురువు, మూడు లఘువులు, మళ్ళీ అయిదే. మనం 'కరోకే' అని సాగదీసే మాట అసలు 'కరఒకె', నాలుగు లఘువులు. వాళ్ళ లెక్కా మన లెక్కా ఒక్కటే వస్తుంది. పద్యానికి గణవిభజన చేసే పిల్ల జపాన్ పాట తాళం తప్పదు.

రెండు చిన్న మెలికలు మాత్రం గుర్తుంచుకోండి. 'దెసు' అని రాసి ఉన్నా ఉకారం మింగి 'దెస్' అంటారు. 'హ' అని రాసే ఒక విభక్తి మాటను 'వ' అని పలుకుతారు. పాట విని సరిచూసుకుంటే చాలు.

ఇంకొక మేలు ఉంది. మరాఠీ మాట్లాడితే మన యాస పట్టుకుంటారు, తెలుగు పాడితే మన యాస పట్టుకుంటారు. జపాన్ భాషలో ఇక్కడ మనల్ని వెక్కిరించే అత్తలు, మామలు ఎవరూ లేరు. అది మన ఊళ్ళో ఎవరి సొంతమూ కాదు. భయం లేని చోట నోరు పూర్తిగా తెరుచుకుంటుంది.

మొదలుపెట్టడానికి ఆరు పాటలు

ఒకటి, 'సంపొ'. హయావొ మియజకి తీసిన 'మై నైబర్ టోటోరో' సినిమా (1988) మొదట్లో వచ్చే పాట. సంగీతం జో హిసఇషి, పాడినది అజుమి ఇనొఉఎ. షికారుకు పోతూ పాడుకునే పాట కాబట్టి నడక అడుగుల తాళమే దీని తాళం. పదాలు పొట్టి, ఊపిరి తీసుకోవడానికి సందు బోలెడు. జపాన్‌లో చిన్నపిల్లల బడుల్లో కూడా పాడతారు. దీన్ని కూర్చొని పాడకండి, నిజంగా నడుస్తూ పాడండి. కాళ్ళకు పని ఉంటే సిగ్గు సగం తగ్గుతుంది.

రెండు, 'ఉఎ ఒ ముఇతె అరుకో' (1961). పాడినది క్యూ సకమొతొ. 1963లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. అక్కడివాళ్ళకు పేరు నోరు తిరగక 'సుకియాకి' అని పెట్టారు, అదొక మాంసం కూర పేరు! అసలు పేరును మాట మాట మార్చితే 'పైకి చూస్తూ నడుద్దాం'. పద క్రమం కూడా మనదే, క్రియ చివరికే వస్తుంది. కన్నీళ్ళు కారకుండా తల ఎత్తుకొని నడిచే మనిషి పాట. మొదటి భాగంలో బాణీ చాలావరకు అయిదు స్వరాల మీదే నడుస్తుంది, మన మోహన రాగంలో వచ్చే స, రి, గ, ప, ద లాంటివే. చెవికి పరాయిగా ఉండదు. మధ్యలో ఒకచోట ఈల ఉంది. ఈల రాకపోతే కూనిరాగం తీయండి, ఎవరూ ఏమీ అనరు.

మూడు, 'ఇత్సుమొ నందొ దెమొ' (2001). 'స్పిరిటెడ్ అవే' సినిమా చివర వస్తుంది, పాడినది యూమి కిమురా. చేతిలో చిన్న తంత్రీవాద్యం, పక్కన పెద్ద వాద్యాల హోరు లేదు. మూడు మూడు దెబ్బల నడక, తిశ్రంలా ఊయల ఊగుతుంది. గట్టిగా పాడవలసిన చోటు లేదు. గాలి కలిసిన గొంతు ఉన్న అమ్మాయిలకు ఇది బాగా నప్పుతుంది, ఆ గాలే ఇందులో అందం. ఒక్కో వాక్యం కాస్త పొడవు కాబట్టి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే గుర్తు పెట్టుకోండి.

నాలుగు, 'మారీగోల్డ్' (2018). రాసి పాడినది ఐమ్యోన్. మారీగోల్డ్ అంటే ఇంకేమిటి, మన బంతిపువ్వు! బతుకమ్మలో పేర్చే పువ్వు జపాన్ పాటకు పేరయ్యిందని తెలిసి మా చెల్లి ఎగిరి గంతేసింది. ఐమ్యోన్ గొంతు మిగతా గాయనులకన్నా కింది స్థాయిలో ఉంటుంది. 'నాది మగ గొంతు' అని బాధపడే అమ్మాయిలు ముందు ఈ పాట వినండి. వేగం మధ్యస్థం, మాట్లాడినట్టే సాగుతుంది.

అయిదు, 'సీక్రెట్ బేస్' (2001). జోన్ అనే అమ్మాయిల బ్యాండ్ పాట. పాడినప్పుడు వాళ్ళూ చిన్నపిల్లలే. 2011లో 'అనొహన' యానిమేలో మళ్ళీ పాడించారు. ఎండాకాలం సెలవులు అయిపోయి విడిపోయే స్నేహితుల కథ. అదే బాణీ మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి ఒక ముక్క వస్తే సగం పాట వచ్చినట్టే. ఇద్దరు ముగ్గురు పంచుకొని పాడటానికి బాగుంటుంది.

ఆరు, 'తెగమి' (2008). తెగమి అంటే ఉత్తరం. ఏంజెలా అకి పాట, పదిహేనేళ్ళ తనకు పెద్దయిన తను జవాబు రాసినట్టు ఉంటుంది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె జరిపే బడిపిల్లల సంగీత పోటీలో ఆ ఏడు మాధ్యమిక పాఠశాలల బృందాలన్నీ దీన్నే పాడాయి. పల్లవి కొంచెం పైకి పోతుంది. అందుకే ఒక్కరే కాకుండా గుంపుగా పాడండి. పైది అందనివాళ్ళు అక్కడ కింది స్వరంలో ఉండిపోతారు, అందినవాళ్ళు పైకి పోతారు. బృందగానం అంటేనే అది. మన ఊరి గురుద్వారాలో కీర్తనకు సంగత్ అంతా గొంతు కలిపినప్పుడు ఎవరి శ్రుతి ఏదని ఎవరూ చూడరు కదా.

ఇప్పుడే ముట్టుకోవద్దని చెప్పే పాటలూ ఉన్నాయి. యోఅసొబి వాళ్ళ 'ఐడల్' (2023), లీసా పాడిన 'గురెంగె' (2019). యానిమే చూసే ప్రతి అమ్మాయికీ ముందు ఇవే పాడాలనిపిస్తుంది. మొదటిదానిలో మాటల వేగం ఎక్కువ, ఊపిరికి సందు తక్కువ. రెండోది పై స్వరాల్లో గట్టిగా పాడేది. ఇవి బాగా పాడేవాళ్ళకే కష్టం. వీటితో మొదలుపెట్టి ఓడిపోయి 'నాకు పాట రాదు' అనుకోవడం న్యాయం కాదు.

మేము చేసిన పద్ధతి

మొదటి రోజు వినడమే. ఒకే పాట పదిసార్లు. పాడవద్దు.

రెండో రోజు నోటుబుక్కులో తెలుగు లిపిలో రాసుకోవాలి. ఎదురుగా అర్థం కూడా రాయాలి. అర్థం తెలియకుండా పాడితే నోరు కదులుతుంది గాని మనసు కదలదు. పైన గురువు, లఘువు గుర్తులు పెట్టండి. ఊపిరి తీసుకునే చోట చిన్న గీత గీయండి.

మూడో రోజు బాణీ లేకుండా, చప్పట్లు కొడుతూ తాళానికి చదవాలి. పద్యం చదివినట్టే. ఇక్కడ తొందరపడితే తర్వాత పాటలో మాటలు ముద్దగా వస్తాయి.

నాలుగో రోజు మాటలు లేకుండా నోరు మూసుకొని కూనిరాగం. గొంతు ఎక్కడ బిగుస్తోందో అప్పుడే తెలుస్తుంది. పల్లవిలో అన్నిటికన్నా పై స్వరం దగ్గర గడ్డం పైకి లేస్తుంటే, మెడ నరాలు బిగుస్తుంటే పాట మనకు ఎత్తులో ఉందని అర్థం. శ్రుతి దించండి. కరోకే యాప్‌లో మైనస్ మీట ఒకసారి నొక్కితే ఒక స్వరస్థానం దిగుతుంది. చాలామందికి రెండు నుంచి నాలుగు దించితే హాయిగా ఉంటుంది. మరీ దించితే కింది స్వరాలు వినపడకుండా పోతాయి, చూసుకోండి. శ్రుతి దించడం చిన్నతనం కాదు. కచేరీలో ఎవరి గొంతుకు తగ్గ శ్రుతి వాళ్ళు పెట్టుకోరా?

అయిదు, ఆరో రోజుల్లో అసలు గాయనితో కలిసి, ఆమె గొంతు చాటున మెల్లగా పాడాలి. ఏడో రోజు కరోకే. ఫోన్‌తో చేసేవాళ్ళు తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. బ్లూటూత్‌లో మన గొంతు మనకు క్షణం ఆలస్యంగా వినిపిస్తుంది, తాళం మనదే తప్పిందనుకుంటాం. నాకు రెండు రోజులు ఇదే జరిగింది.

ఎనిమిదో రోజు ఒక్క మనిషి ముందు పాడండి. ఆ మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. సలహాలు ఇచ్చేవాళ్ళు కాదు, కూర్చొని వినేవాళ్ళు కావాలి. మా చెల్లి మా అమ్మమ్మను ఎంచుకుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అమ్మమ్మ పూర్తిగా విని, "ఇంకోసారి పాడు బిడ్డా" అంది. ఆ మాట దానికి ఏ బహుమతీ ఇవ్వలేని ధైర్యం ఇచ్చింది.

మైకు నోటికి రెండు మూడు వేళ్ళ దూరంలో ఉంచండి. దూరం పెట్టి అరవకండి. గోరువెచ్చని నీళ్ళు పక్కన ఉంచుకోండి. నొప్పి వస్తే ఆపేయండి. గొంతు బొంగురు రెండు మూడు వారాలైనా పోకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి, ఇంటి చిట్కాలతో లాగవద్దు.

తర్వాత ఏమైంది

ధర్మాబాద్‌లో గ్యాదరింగ్ ముందు దోస్తుల కరోకేకు మా చెల్లి పోయింది. నలుగురితో కలిసి 'సంపొ' పాడింది. రెండో చరణంలో మాటలు మరిచిపోయిందట. "మరి ఏం చేసినవే?" అంటే, "నవ్విన. మళ్ళ అందుకున్న" అంది. అంతే. గొప్పగా పాడిందని నేను చెప్పను. పాడింది.

నా సంగతి వేరుగా తిరిగింది. జపాన్ పాటల్లో ప్రతి మాత్రా పలకాలి, చివరి అచ్చు మింగితే తాళం కూలిపోతుంది. నెలల తరబడి అట్లా పాడాక, ఒకరోజు వంటింట్లో పాత తెలుగు పాట ఒకటి అలవోకగా నోట్లోకి వచ్చింది. పాడుతుంటే నాకే వింతగా అనిపించింది. ఇదివరకు నా నోట 'మనస్' అయ్యే 'మనసు' ఇప్పుడు ఉకారంతో సహా 'మనసు'గానే వచ్చింది. చుట్టం ఆవిడ పట్టుకున్న తప్పు ఇదే. తెలుగులో సిగ్గుతో దిద్దుకోలేనిది, పరాయి భాషలో ఆడుతూ పాడుతూ దిద్దుకున్నాను. మరాఠీ బడిలో చదివిన మనందరికీ ఈ చిన్న రోగం ఉంది, మందు కూడా ఉందని చెప్పడానికే ఇంత రాశాను.

ఈ ఏడు బతుకమ్మకు చిన్నమ్మ వాళ్ళ ఊరు పోయాను. బతుకమ్మ పాట తీరు చూడండి: ఒకరు ఒక ముక్క చెప్తారు, మిగతావాళ్ళు అందుకుంటారు. స్వరాలు కొన్నే, వేగం చప్పట్లదే, మరిచిపోతే పక్కామె అందుకుంటుంది. కొత్తగా పాడేవాళ్ళకు ఏమేం కావాలో అన్నీ అందులో ఉన్నాయి. కరోకే లేని రోజుల్లోనే మన ఆడవాళ్ళు ఆ ఏర్పాటు చేసిపెట్టుకున్నారు. నేను దాన్ని రెండేళ్ళు వదులుకున్నాను. ఈసారి చప్పట్లతో పాటు గొంతు కూడా కలిపాను. మూడో రోజు పెద్దమ్మ, "ఇగ నువ్వు చెప్పు బిడ్డా, మేం అందుకుంటం" అంది. చెప్పాను. నా శ్రుతిలోనే చెప్పాను. అందరూ నా శ్రుతికే దిగి అందుకున్నారు.

ఫస్టియర్ చెల్లెళ్ళారా, శనివారం ఆఖరి పీరియడ్ అయ్యాక మన తెలుగు శాఖ గది ఖాళీగా ఉంటుంది. ఫోన్, చిన్న స్పీకరు నేను తెస్తాను. నోటుబుక్కు మీరు తెచ్చుకోండి. మొదట అందరం నడుస్తూ 'సంపొ' పాడదాం. వినడానికి మాత్రమే వచ్చేవాళ్ళు కూడా రండి. తలుపేసే ఉంచుతాం, ఫిష్‌పాండ్ చీటీలకు మాత్రం లోపలికి రానివ్వం.

— మీ సీనియర్ అక్క, బి.ఎ. ద్వితీయ సంవత్సరం